స్వీడ్ దుంప: విత్తేలోపే సగం తేలిపోయే పంట

బ్రిటన్ పెరట్లో జూన్ మొదటి వారంలో చేసిన పొరపాటు డిసెంబరులో కత్తిపీట మీద బయటపడే పంట, క్యాబేజీకీ టర్నిప్‌కూ చుట్టమైన స్వీడ్ దుంప. మధ్యలో ఆరు నెలల పాటు ఆకులు నీలి ఛాయ కలిసిన పచ్చదనంతో బాగానే కనిపిస్తాయి, దుంప నేలపైకి ఉబికి ఊదారంగు భుజాలతో నిండుగానే ఉంటుంది. తీరా కోసి చూస్తే లోపల గోధుమరంగు నీటిమచ్చ ఉండవచ్చు, పురుగు తొలిచిన సొరంగాలు ఉండవచ్చు, నమలడానికి వీల్లేని పీచు ఉండవచ్చు. టమాటా, చిక్కుడు వంటివి ఆకు వాల్చో, పూత రాల్చో ముందే కబురు చెబుతాయి కనుక మధ్యలో సరిదిద్దుకునే వీలుంటుంది. స్వీడ్ విషయంలో ఆ వెసులుబాటు దాదాపు లేదు. దీన్ని శ్రమ లేని పంట అనడం అందుకే సగమే నిజం. చేతిపని తక్కువే కాని, విత్తనం నేలలో పడేలోపు తేల్చుకోవలసిన సంగతులు చాలా ఉన్నాయి.

పేరులోనే గందరగోళం ఉన్న దుంప ఇది. ఇంగ్లండ్‌లో స్వీడ్, అమెరికా, కెనడాల్లో రుతబాగా, స్కాట్లాండ్‌లో నీప్. కార్న్‌వాల్ వారు తమ ప్రాంతపు పేరుపొందిన పాస్టీ అనే, కూర పెట్టి కాల్చే పిండివంటలో వేసేది స్వీడే అయినా, దాన్ని టర్నిప్ అనే పిలుస్తారు. రుతబాగా అన్న మాట స్వీడన్‌లోని వాస్టర్‌గోట్లాండ్ మాండలికం నుంచి వచ్చింది. ఆ దేశపు ప్రామాణిక భాషలో మాత్రం దీని పేరు కోల్‌రూట్, అంటే క్యాబేజీ వేరు. స్విట్జర్లాండ్‌కు చెందిన వృక్షశాస్త్రవేత్త కాస్పర్ బౌహిన్ 1620 నాటి రచనలో ఈ మొక్క స్వీడన్‌లో పెరుగుతున్నదని నమోదు చేశాడు. 18వ శతాబ్దం చివరి పాదంలో స్కాట్లాండ్ చేరిన తర్వాత ఇది పశువుల శీతకాలపు మేతగా బ్రిటన్ వ్యవసాయంలో స్థిరపడింది. అంతకుముందు అదే పనికి వాడిన టర్నిప్ గట్టి మంచుకు కుళ్లిపోయేది, స్వీడ్ నిలిచేది. పాతదాన్ని కొత్తది పక్కకు నెట్టడానికి ప్రధాన కారణం అదే.

వృక్షశాస్త్రం దృష్టిలో ఇది రెండు జాతుల మధ్య కుదిరిన సంబంధం. క్యాబేజీ జాతి బ్రాసికా ఒలెరేసియాకు 18 క్రోమోజోములు, టర్నిప్ జాతి బ్రాసికా రాపాకు 20. ఈ రెండూ కలిసి, రెండింటి క్రోమోజోములనూ పూర్తిగా నిలుపుకొని పుట్టిన బ్రాసికా నేపస్‌కు 38. స్వీడ్ ఈ మూడో జాతిలోనిది. మన పోపులో చిటపటలాడే ఆవాల మొక్క బ్రాసికా జన్సియా కూడా ఇలాగే పుట్టింది: టర్నిప్ జాతి 20, నల్ల ఆవ జాతి 16 కలిసి 36. ఈ చుట్టరికాలను కొరియా సంతతికి చెందిన, జపాన్‌లో పనిచేసిన ఉ అనే శాస్త్రవేత్త 1935లో ఒక త్రిభుజంగా గీసి చూపాడు. ఆ లెక్కన స్వీడ్, ఆవ ఒక తల్లికి పుట్టి తండ్రులు వేరైన తోబుట్టువులు. బ్రిటన్‌లోని తెలుగు వంటింట్లో స్వీడ్ ముక్కలకు ఆవ పెడితే జరిగేది ఒక రకంగా కుటుంబ కలయికే.

ఈ వంశవృక్షం తోటమాలికి పనికిరాని పాండిత్యం కాదు. క్యాబేజీకి వచ్చే తెగుళ్లూ, టర్నిప్‌కు వచ్చే పురుగులూ స్వీడ్‌కు వారసత్వంగా వచ్చాయి. కాబట్టి పంట మార్పిడిలో దీన్ని దుంపకూరల మడిలో కాక క్యాబేజీ, కాలీఫ్లవర్‌ల వరసలో లెక్కించాలి. క్యారెట్ తర్వాత స్వీడ్ వేస్తే చిక్కు లేదు, క్యాబేజీ తర్వాత వేస్తే ఉంది. మొక్కను గుర్తుపట్టడంలోనూ ఈ వంశం ఉపయోగపడుతుంది. టర్నిప్ ఆకు పచ్చగా, నూగుతో గరుకుగా ఉంటుంది. స్వీడ్ ఆకు ముదిరేకొద్దీ క్యాబేజీలా నున్నగా, నీలి బూడిద పూసినట్టు ఉంటుంది. దుంప పైభాగంలో ఆకులు రాలిన మచ్చలతో ఒక మెడ కనిపిస్తే అది స్వీడ్. టర్నిప్‌కు ఆ మెడ ఉండదు. మనకు పరిచయమైన నూల్‌కోల్ ఈ రెండూ కాదు, అది క్యాబేజీ జాతిలోనే కాండం ఉబ్బిన రూపం.

చవకగా దొరికే దుంపను పనిగట్టుకుని పెంచడం ఎందుకన్న ప్రశ్న సహజం. బ్రిటన్ దుకాణాల్లో అతి తక్కువ ధరకు దొరికే కూరగాయల్లో ఇది ఒకటి. దానికి తోడు చెడ్డపేరు ఒకటి. 1916లో జర్మనీలో బంగాళాదుంప పంట దెబ్బతిని, సముద్ర దిగ్బంధం వల్ల దిగుమతులు ఆగిపోయినప్పుడు, 1916–17 చలికాలమంతా అక్కడి పట్టణాల జనం స్వీడ్ మీదే బతికారు. ఆ కరవుకు చరిత్రలో ‘స్వీడ్ చలికాలం’ అనే పేరు నిలిచిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఆక్రమణ కింద గడిపిన ఫ్రెంచివారికి కూడా రుతబాగా అంటే ఆ రోజుల ఆకలే గుర్తు. ఇందులో దుంప తప్పేమీ లేదు. 100 గ్రాముల బంగాళాదుంపలో సుమారు 77 కేలరీలుంటే స్వీడ్‌లో 37 మాత్రమే, మిగిలినదంతా దాదాపు నీరే. అన్నం స్థానంలో కూరను పెట్టి కడుపు నింపమంటే ఏ కూరైనా అపఖ్యాతి పాలవుతుంది. అదే స్వీడ్‌ను ఫిన్లాండ్ వారు క్రిస్మస్ విందులో పాలమీగడ, బెల్లపుపాకం వంటి మడ్డితో కలిపి కాల్చుకుంటారు, స్కాట్లాండ్ వారు జనవరి 25న కవి రాబర్ట్ బర్న్స్ జయంతి నాడు మెదిపి హాగిస్ అనే మాంసపు వంటకం పక్కన వడ్డించుకుంటారు.

పెంచడానికి అసలు కారణం ధర కాదు, కాలం. ఉత్తర ఐరోపా పెరట్లో అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు నేల మీద తినదగినవి మిగిలేదే తక్కువ. ఆ అయిదు నెలలూ భద్రపరచే శ్రమ లేకుండా, మడినే కొట్టుగా చేసుకుని, కావలసినప్పుడు ఒకటి తవ్వుకునే వీలు స్వీడ్ ఇస్తుంది. పైగా దుకాణంలో దొరికేది సాగుదారుడి సౌకర్యాన్ని బట్టి తీసిన దుంప. పెరట్లోది నాలుగు మంచురాత్రులు చూసిన తర్వాత తీసిన దుంప. ఆ తేడా నాలుకకు తెలుస్తుంది.

తెలుగు రైతు మాటల్లో చెప్పాలంటే ఈ పంటకు అదను, పదును రెండూ ముఖ్యమే కాని, అదనుదే పైచేయి. స్వీడ్ చల్లదనాన్ని కోరే మొక్క. 15 నుంచి 20 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది. విత్తిన నాటి నుంచి తవ్వే నాటికి 20 నుంచి 26 వారాలు పడుతుంది. ఈ రెండు షరతులూ కలిపి చూస్తే వేసవి మొదట్లో విత్తి, శరదృతువులో దుంప ఊరనిచ్చి, చలికాలంలో తీసుకోవడమే దారి. బ్రిటన్‌లో ఏప్రిల్ చివరి నుంచి జూన్ మధ్య వరకు విత్తే కాలం.

ఆ కాలంలోనూ ఎక్కడివారు ఎప్పుడు విత్తాలన్నది ఆసక్తికరమైన విషయం. చలి ఎక్కువ కనుక స్కాట్లాండ్‌లో ఆలస్యంగా, వెచ్చదనం ఉన్న దక్షిణ ఇంగ్లండ్‌లో ముందుగా విత్తుతారని ఎవరైనా ఊహిస్తారు. జరిగేది దానికి తలకిందులు. ఉత్తరాన ఏప్రిల్ చివర, మే నెల మొదటి పక్షంలో విత్తితే, దక్షిణాన మే చివరి వరకు, కొన్నిచోట్ల జూన్ మధ్య వరకు ఆగుతారు. ఉత్తరాన మొక్క నింపాదిగా పెరుగుతుంది, శరదృతువు త్వరగా ముగుస్తుంది, కాబట్టి ముందే మొదలుపెట్టకపోతే దుంప ఊరడానికి వ్యవధి చాలదు. దక్షిణాన ముందుగా విత్తిన మొక్క ఆగస్టు పొడి ఎండలకు సగం ఎదిగి ఉంటుంది, ఆకుల మీద బూడిద తెగులు తెల్లగా పరుచుకుంటుంది, ఎదుగుదల ఆగి మళ్లీ వానలకు మొదలవుతుంది. అలా ఆగి సాగిన దుంప పీచుబారుతుంది, లేదా పగులుతుంది. మరీ తొందరపడి విత్తినప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. స్వీడ్ రెండేళ్ల మొక్క: మొదటి ఏడు దుంప, చలికాలం గడిచాక రెండో ఏడు పూత. లేత మొక్కకు వరసగా కొన్ని వారాల చలి తగిలితే చలికాలం అయిపోయిందనుకుని అదే ఏడు పూకాడ తోస్తుంది, ఇక దుంప ఊరదు. విత్తనపు పొట్లం మీద ముద్రించిన తొలి తేదీని చూసి ఉబలాటపడేవారి కంటే, పక్క మడివాడు ఎప్పుడు విత్తాడో చూసి అనుసరించేవారే ఈ విషయంలో తెలివైనవారు.

ఈ లెక్క తెలిస్తే తెలుగు నేల మైదానాల్లో స్వీడ్ ఎందుకు కుదరదో కూడా అర్థమవుతుంది. హైదరాబాదులోనైనా గుంటూరులోనైనా డిసెంబరు, జనవరి రాత్రులు చల్లగానే ఉంటాయి. కాని మధ్యాహ్నాలు 28 డిగ్రీల దాకా వెళ్తాయి, ఫిబ్రవరి ముగిసేసరికి ఎండ ముదిరిపోతుంది. అయిదారు నెలల చల్లదనం కావలసిన మొక్కకు దొరికేది రెండున్నర నెలలు. అంత వ్యవధిలో పండే నూల్‌కోల్, ముల్లంగి, టర్నిప్ మన శీతకాలానికి సరిపోతాయి, స్వీడ్ సరిపోదు. విత్తనాలు తెప్పించుకుని మిద్దె మీద ప్రయత్నించేవారికి ఆకుకూర తప్ప ఇంకేమీ దక్కే అవకాశం లేదు.

ఇక నేల. స్వీడ్ మడి వదులుగా, మెత్తగా కాక కాస్త బిగువుగా ఉండాలి. శరదృతువులో తవ్వి వదిలేసిన నేల వసంతానికి తనంత తానే సర్దుకుంటే మేలు. మాగిన పశువుల ఎరువు ముందరి పంటకే వేసి ఉంటే చాలు. స్వీడ్‌కే నేరుగా పచ్చి ఎరువు దట్టిస్తే నత్రజని ఎక్కువై ఆకు విరగబడుతుంది, మెడ పొడుగవుతుంది, దుంప చిన్నదై నిల్వకు ఆగదు. బఠానీ, చిక్కుడు తీసిన మడి దీనికి అనువైనది.

నేల విషయంలో అసలు చిక్కు మరోచోట ఉంది. క్యాబేజీ కుటుంబానికంతటికీ పీడ అయిన క్లబ్‌రూట్ అనే వేరుబుడిపె తెగులును స్కాట్లాండ్, ఉత్తర ఇంగ్లండ్ రైతులు ‘చేతివేలు, కాలివేలు’ అని పిలిచేవారు. తెగులు సోకిన వేర్లు వాచి, వంకర వేళ్ల గుత్తిలా మారతాయి. ఇది శిలీంద్రం కూడా కాదు, ఏకకణ జీవుల కోవకు చెందిన పరాన్నజీవి. రష్యా శాస్త్రవేత్త మిఖాయిల్ వొరోనిన్ 1870లలో దీన్ని కనిపెట్టి వివరించాడు. దీని సిద్ధబీజాలు ఆతిథేయ మొక్క లేకపోయినా నేలలో 20 ఏళ్ల వరకు బతికి ఉండగలవు. మూడేళ్లకో నాలుగేళ్లకో ఒకసారి పంట మార్చడం మంచి అలవాటే కాని, ఒకసారి చొరబడిన క్లబ్‌రూట్‌ను అది వెళ్లగొట్టలేదు. బూట్లకంటిన మట్టితో, పారలతో, ఎక్కడో కొన్న నారు వేళ్లతో ఈ తెగులు మడి నుంచి మడికి ప్రయాణిస్తుంది.

బ్రిటన్‌లో స్థిరపడి, స్థానిక కౌన్సిల్ నుంచి అలాట్‌మెంట్, అంటే కూరగాయలు పెంచుకునే చిన్న తోటమడి, కౌలుకు తీసుకునే తెలుగు కుటుంబాలు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవడం అవసరం. సాంప్రదాయికంగా పూర్తి అలాట్‌మెంట్ అంటే సుమారు 250 చదరపు మీటర్లు. అది బీడు నేల కాదు, దశాబ్దాలుగా చేతులు మారుతూ వచ్చిన నేల. పాత కౌలుదారు ఏయే మడిలో ఏళ్ల తరబడి క్యాబేజీ వేశాడో కొత్తవారికి తెలియదు. మొదటి ఏడే స్వీడ్ వరస పెట్టేముందు పక్కవారిని అడగడం, లేదా నాలుగు క్యాబేజీ మొక్కలు నాటి రెండు నెలలకు పీకి వేళ్లు చూడడం వల్ల పోయేదేమీ లేదు.

క్లబ్‌రూట్‌కు అందరూ చెప్పే మందు సున్నం. ఆమ్లగుణం ఉన్న తడినేలలో ఈ తెగులు చెలరేగుతుంది. సున్నపురాయి పొడి చల్లి నేల పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7కు, అంతకు కాస్త పైకి తెస్తే తగ్గుముఖం పడుతుంది. ఇంతవరకు అంతా సవ్యంగానే ఉంది. అయితే సున్నం పెరిగేకొద్దీ నేలలోని బోరాన్ మొక్కకు అందకుండా పోతుంది, కూరగాయలన్నింటిలో బోరాన్ లోపానికి ముందుగా లొంగిపోయేవాటిలో స్వీడ్ ఒకటి. తొలి పేరాలో చెప్పిన గోధుమరంగు నీటిమచ్చ ఆ లోపం గుర్తే. స్కాట్లాండ్‌లో దానికి ‘రాన్’ అని పేరు. పైకి ఏ లక్షణమూ కనిపించదు. కోస్తే లోపల వలయాలుగా గోధుమరంగు, వండితే చేదు, పీచు. అది తెగులు కాదనీ, అతి స్వల్ప మోతాదులో కావలసిన ఒక మూలకం లేకపోవడమనీ 1930లలో తేలింది. అంటే ఒక జబ్బుకు వేసిన మందే రెండో జబ్బుకు కారణమవుతుంది. ఇసుక పాలు ఎక్కువైన తేలిక నేలలో, వాన తక్కువైన ఏడు, అతిగా సున్నం వేసిన మడిలో ఈ లోపం తప్పదనే అనుకోవాలి.

బోరాన్‌ను అందించే పదార్థం తెలుగువారికి కొత్తది కాదు: కంసాలి బంగారం అతికేటప్పుడు వాడే వెలిగారమే. ఇరవై చదరపు మీటర్ల మడికి 35 గ్రాములు, అంటే చదరపు మీటరుకు రెండు గ్రాముల లోపు, విత్తడానికి ముందు నేలలో కలపాలని బ్రిటన్ తోటపని సలహాల్లో కనిపించే మోతాదు. అంత కొద్ది పొడిని సమంగా చల్లడం చేతకాదు కనుక పొడి ఇసుకలో కలిపి చల్లుతారు. ఇక్కడ ‘మరి కాస్త వేస్తే పోయేదేముంది’ అన్న ధోరణి ప్రమాదకరం. బోరాన్ మోతాదు మించితే విషమే, మరుసటి ఏడు అదే మడిలో వేసే చిక్కుడు జాతి మొక్కలు ముందుగా మాడిపోతాయి. ఇంకో హెచ్చరిక కూడా చేయాలి. బ్రిటన్ దుకాణాల్లో శుభ్రపరచే సరుకుల మధ్య ‘బోరాక్స్ సబ్‌స్టిట్యూట్’ పేరుతో అమ్మే పొడిలో బోరాన్ ఉండదు, అది సోడా లవణం. పేరు చూసి తెచ్చి మడిలో చల్లితే డబ్బు దండగ.

ఈ సున్నం, వెలిగారం చిక్కుముడిని విప్పడానికి మెరుగైన వరస ఇలా ఉండాలనిపిస్తుంది: మొదట తట్టుకునే రకం, తర్వాత మితంగా సున్నం, చివరి ఆశ్రయంగా వెలిగారం. మేరియన్ రకం క్లబ్‌రూట్‌నూ బూడిద తెగులునూ కొంతవరకు తట్టుకుంటుంది. ఇన్విటేషన్, గౌరీ కూడా క్లబ్‌రూట్‌కు ఎదురు నిలిచే రకాలే. గౌరీ పేరు విని తెలుగువారు మురిసిపోవచ్చు కాని అది స్కాట్లాండ్‌లోని ఒక ప్రాంతం పేరు. తట్టుకునే గుణం ఏ రకానికీ సంపూర్ణం కాదు, ఎందుకంటే తెగులులోనే అనేక ఉపజాతులున్నాయి. అయినా సున్నం బస్తాల మీద బస్తాలు కుమ్మరించడం కంటే ఆ విత్తనపు పొట్లం చవక, దాని వల్ల బోరాన్‌కు కలిగే నష్టమూ లేదు. క్లబ్‌రూట్ ఆనవాలే లేని మడిలో పీహెచ్ 6.5 దగ్గర ఉంటే సున్నం జోలికి పోకపోవడమే మంచిది. వేయవలసి వస్తే ముందరి శరదృతువులో వేయాలి, పశువుల ఎరువుతో కలిపి ఒకేసారి వేయకూడదు. కలిస్తే ఎరువులోని నత్రజని అమ్మోనియా వాయువుగా ఎగిరిపోతుంది.

విత్తే పద్ధతిలో పెద్ద రహస్యాలు లేవు. వేలి కణుపు లోతు, అంటే రెండు సెంటీమీటర్లకు మించకుండా చాలు గీసి, నేల పొడిగా ఉంటే ముందు చాలులో నీళ్లు పోసి ఇంకనిచ్చి, పలచగా విత్తనం రాల్చి పొడిమట్టితో కప్పాలి. చాలుకూ చాలుకూ మధ్య సుమారు 38 సెంటీమీటర్లు, అంటే మూరెడు కంటే కాస్త తక్కువ. వారం పది రోజుల్లో మొలక వస్తుంది. మొక్కలు అంగుళం ఎత్తు కాగానే ఒత్తుగా ఉన్నవాటిని తీయడం మొదలుపెట్టి, రెండు మూడు విడతల్లో చివరికి మొక్కకూ మొక్కకూ జానెడు ఎడం, అంటే 23 సెంటీమీటర్లు ఉండేలా చూడాలి. కొత్తవారి చేయి ఆడనిది ఇక్కడే. బాగా మొలిచిన మొక్కను పీకేయడానికి మనసొప్పక నాలుగు వేళ్ల ఎడంలో వదిలేస్తే, అన్నీ ఆకులే మిగులుతాయి, ఒక్కటీ దుంప కాదు. మూడు మీటర్ల చాలులో జానెడుకొకటి చొప్పున 13 మొక్కలు పడతాయి. ఒక్కొక్కటి ముప్పాతిక కిలో తూగినా దాదాపు 10 కిలోలు. చిన్న కుటుంబానికి చలికాలానికి అది చాలు.

క్యారెట్, ముల్లంగిలా కాక స్వీడ్‌ను నారు పోసి నాటడం కూడా సాధ్యమే. కారణం శరీర నిర్మాణంలో ఉంది: మనం తినే భాగంలో ఎక్కువ పాలు వేరు కాదు, విత్తనపు తొలి ఆకులకు దిగువనున్న కాండం ఉబ్బిన రూపం. కాబట్టి వేరు కాస్త కదిలినా దుంప ఆకారం చెడదు. చిన్న గుంతల ట్రేలో గుంతకొక విత్తు చొప్పున వేసి, నాలుగైదు వారాలకు వేళ్లు చుట్టుకోకముందే నాటితే, లేత మొలకల మీద పడే పురుగుల బెడద చాలావరకు తప్పుతుంది. కాని ఎండ రోజుల్లో నాటిన నారుకు నీళ్ల కాపలా తప్పదు. వసతి ఉన్నవారికి ఇది మంచి పద్ధతే. లేనివారు నేరుగా విత్తి నిశ్చింతగా ఉండవచ్చు.

విత్తిన రోజే చేయవలసిన ఇంకో పని వల కప్పడం. క్యాబేజీ వేరు ఈగ చూడడానికి ఇంటి ఈగలాగే, కాస్త చిన్నదిగా ఉంటుంది. మొక్క మొదట్లో మట్టి పగుళ్లలో గుడ్లు పెడుతుంది, పొదిగిన తెల్లని పురుగు నేలలోనే ఉండి వేరును తింటుంది. ఏడాదిలో రెండు మూడు తరాలు, మొదటిది వసంతం చివర్లో, మిగిలినవి జులై నుంచి శరదృతువు దాకా. ఇదే ఈగ క్యాబేజీకి పట్టినప్పుడు కొంత వేరు పోయినా మొక్క కొత్త వేళ్లు వేసుకుని తేరుకోవచ్చు, తినే గడ్డకు దెబ్బ తగలదు. స్వీడ్‌లో పురుగు తినేదీ మనం తినేదీ ఒకటే. నష్టం శాతాల లెక్క ఇక్కడ పనికిరాదు. రెండు సొరంగాలు పడితే చాలు, అక్కడి నుంచి కుళ్లు మొదలై దుంప మొత్తం పోతుంది. క్యాబేజీ మొక్క చుట్టూ పరిచే అట్టముక్కలు చాలులో విత్తే స్వీడ్‌కు కుదరవు. పెరటి సాగుదారు చేతిలో నమ్మదగిన పురుగుమందు కూడా లేదు. కాబట్టి 1.3 మిల్లీమీటర్ల రంధ్రాలున్న వల ఒక్కటే ఆధారం, దాని అంచులు మట్టిలో పూడ్చి ఉండాలి.

ఈ వల విషయంలో తరచు జరిగే పొరపాటు ఒకటుంది. నిరుడు క్యాబేజీ జాతి వేసిన మడిలోనే ఈ ఏడు స్వీడ్ విత్తి వల కప్పితే, నేలలో నిద్రించిన ప్యూపాల (ఈగగా మారబోయే గూటి దశ) నుంచి ఈగలు వల లోపలే బయటికి వస్తాయి, బయటికి పోయే దారి లేక అక్కడే గుడ్లు పెడతాయి. దొంగను ఇంట్లో పెట్టి తాళం వేసినట్టే. వలకు విలువ వచ్చేది పంట మార్పిడి పాటించినప్పుడే. కలుపు తీయడానికి వల ఎత్తవలసి వస్తే ఈగలు చురుకుగా తిరగని చల్లని పూట చూసుకుని, త్వరగా పని ముగించి మళ్లీ కప్పేయాలి.

మిగతా శత్రువుల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. మొలక దశలో ఆకుల నిండా సన్నని చిల్లులు పొడిచే ఎగిరే పెంకుపురుగులను ఆపాలంటే 0.8 మిల్లీమీటర్ల సన్నవల కావాలి, లేదా తరచు తడిపి మొక్కను త్వరగా ఎదగనివ్వాలి. నాలుగైదు ఆకులు వేశాక అవి పెద్దగా చేయగలిగింది లేదు. అడవి పావురాలు ఆకులు పీకి తింటాయి, వల వాటినీ ఆపుతుంది. పేనుబంక ఆకుల అడుగున చేరుతుంది. ఉత్తర అమెరికాలో పెంచేవారికి మాత్రం ఐరోపా నుంచి చేరిన స్వీడ్ మిడ్జ్ అనే సన్నదోమ అదనపు తలనొప్పి. 2000 ప్రాంతంలో కెనడాలోని ఒంటారియోలో దాన్ని గుర్తించారు. అది మొక్క నడినెత్తి మొగ్గలో గుడ్లు పెట్టి ఎదుగుదలనే వంకర తిప్పుతుంది.

నీటి విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. దుంప ఊరడం మొదలయ్యే జులై, ఆగస్టు నెలల్లో వారాల తరబడి ఎండగట్టి, ఒక్కసారిగా నిండా తడిపితే పైతొక్క చిట్లుతుంది. ఎండు కాలంలో వారానికొకసారి లోతుగా తడపడం, చాళ్ల మధ్య గడ్డి పరిచి పదును నిలపడం చాలు. బూడిద తెగులుకు కూడా ఇదే మొదటి కాపుదల, ఎందుకంటే వేళ్లు ఎండి ఆకు అలసినప్పుడే అది పట్టుకుంటుంది.

సెప్టెంబరు చివరి నుంచి దుంపలు తీయదగిన సైజుకు వస్తాయి. ఒలిచిన కొబ్బరికాయంత అయినప్పుడు తీస్తే మేలు. ఇంకా పెద్దవి కావాలన్న ఆశతో వదిలితే పరిమాణం పెరుగుతుంది, రుచి తగ్గుతుంది. వేల్స్‌కు చెందిన ఒక తోటమాలి 2013లో 54 కిలోల స్వీడ్ పెంచి ప్రపంచ రికార్డు సాధించాడు. అది ప్రదర్శనకు పెంచినది, వంటకు పెంచినది కాదు. తొలి మంచు కురిసేదాకా ఆగమనే పాత సలహాలో మాత్రం పస ఉంది. చలి తగిలినప్పుడు మొక్క తన కణాల్లో చక్కెరలను పోగుచేసుకుంటుంది. చక్కెర కలిసిన నీరు సులభంగా గడ్డకట్టదు కనుక అది మొక్కకు ఆత్మరక్షణ, తినేవారికి తీపి.

అయితే ఎంతకాలం మడిలో ఉంచాలన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. స్వీడ్ క్యారెట్‌లా భూమిలో దాక్కోదు, సగానికి పైగా నేలపైనే ఉంటుంది, కాబట్టి గట్టి మంచు నేరుగా దాని భుజాల మీదే పడుతుంది. డెవన్, కార్న్‌వాల్ వంటి తీరప్రాంతాల్లో వసంతం దాకా మడిలోనే ఉంచి ఒక్కొక్కటే తీసుకోవచ్చు. నేల వారాల తరబడి రాయిలా బిగుసుకునే చోట డిసెంబరులోగా అన్నీ తవ్వి దాచాలి. ఉంచినా తీసినా క్రిస్మస్ దాటాక పీచు పెరుగుతుందన్నది గుర్తుంచుకోవాలి. గడ్డకట్టి ఉన్న దుంపను తవ్వకూడదు. నేలలోనే కరగనిచ్చి తీయాలి, లేకపోతే దెబ్బతిన్నచోటల్లా మెత్తబడుతుంది.

దాచే పద్ధతి మన పల్లెల్లో దుంపలు ఇసుకలో పాతిపెట్టినట్టే. ఆకులు మెలితిప్పి తుంచి, మట్టి దులిపి, కడగకుండా, దెబ్బ తగలని వాటినే ఎంచి, పెట్టెలో చెమ్మ ఇసుక పొరల మధ్య ఒకదానికొకటి తగలకుండా పేర్చాలి. సున్నా డిగ్రీలకు దగ్గరగా చల్లదనం, గాలిలో బాగా తేమ ఉంటే నాలుగు నెలల దాకా నిలుస్తాయి. నిల్వలో స్వీడ్‌కు శత్రువు కుళ్లు కంటే ఎండిపోవడమే. ఉత్తర అమెరికా వ్యాపారులు అందుకే దుంపకు పైన పారాఫిన్ మైనం పూసి అమ్ముతారు. అక్కడి తెలుగువారు కొన్న దుంప నిగనిగలాడితే అది తాజాదనం కాదు, మైనం. తొక్క మందంగా తీసేయాలి. తొక్క కింద లేత రంగులో ఇంకో పొర ఉంటుంది, దాన్నీ తీస్తే చేదు తగ్గుతుంది.

వచ్చే ఏటికి విత్తనం సొంతంగా కట్టుకుందామన్న ఆలోచన బ్రిటన్‌లో నెరవేరేది కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఆ దేశపు పొలాలను పసుపు పచ్చగా కమ్మేసే నూనెగింజల రేప్ పంట కూడా బ్రాసికా నేపసే, స్వీడ్‌కు స్వజాతి. తేనెటీగలకు ఈ రెండింటి తేడా పట్టదు. పెరట్లో పూసిన స్వీడ్ నుంచి తీసిన గింజ మొలుస్తుంది కాని, దాని నుంచి వచ్చేది దుంపా, నూనెమొక్కా, రెండూ కానిదా అన్నది చెప్పలేం. పొట్లం కొనుక్కోవడమే మేలు. చల్లని పొడిచోట ఉంచితే విత్తనం నాలుగేళ్లు మొలకశక్తి కోల్పోదు.

ఫిబ్రవరి తర్వాత మడిలో మిగిలిపోయిన దుంపలకు ఒక చివరి ఉపయోగం ఉంది. వాటిని తవ్వి, ఆకులు కోసేసి, చెమ్మ మట్టి నింపిన పెట్టెలో నిలబెట్టి, వెలుతురు చొరకుండా కప్పి ఒక చల్లని గదిలో ఉంచితే, కొన్ని వారాల్లో తెల్లని లేత పిలకలు వస్తాయి. జానెడు లోపే కోసి పచ్చిగానో, కాస్త వేయించో తినవచ్చు. పిలకలు తీసిన దుంపను ఎరువుగుంటలో వేయవచ్చు, వేళ్లకు బుడిపెల ఆనవాలు ఉంటే మాత్రం వేయకూడదు. మడిలోనే వదిలేసి పూతకు రానిస్తే, కొత్తగా నాటే క్యాబేజీలకు పోవలసిన పేనుబంకకు అదే పుట్టినిల్లవుతుంది. మార్చి ముగిసేలోపు ఆ మడిని ఖాళీ చేసి ఉల్లికో చిక్కుడుకో ఇచ్చేయాలి, మళ్లీ నాలుగో ఏటి దాకా స్వీడ్‌ను అక్కడికి తిరిగి తేకూడదు.